మర్ఫీ గారి చేతిలో ఉంది

ఆగస్టు 12, మంగళవారం

ఈ డైరీ నేను కొన్నది కాదు. యూనివర్సిటీ కెరీర్ ఫెయిర్‌లో ఎవరో చేతిలో పెట్టారు. అట్ట మీద 'మీ భవిష్యత్తు ఇక్కడ మొదలవుతుంది' అని బంగారు అక్షరాలు. తెరిస్తే అన్నీ తెల్ల కాగితాలే. ఇంత నిజాయితీ గల కంపెనీ నాకింతవరకు తగల్లేదు.

ఇందులో రాయడానికి కారణం పూజిత. ఈరోజు ఇమిగ్రేషన్ వాళ్ళ సైట్‌లో నా కేస్ స్టేటస్ పేజీ పదకొండు సార్లు తెరిచానట. పక్క మంచం మీద పడుకుని లెక్కపెట్టింది. "పన్నెండోసారి చూసినవనుకో, ఫోన్ గుంజుకుంట. చూడాలనిపిస్తే ఏదన్న రాసుకో," అంది. కరీంనగర్ నుంచి అమెరికాలో ఈ షాంటిలీ దాకా ఇదే గొంతుతో అందరినీ బాగుచేస్తూ వచ్చిన పిల్ల. ఎదురు చెప్పలేదు.

భావితరాల చరిత్రకారుల సౌకర్యార్థం కొన్ని వాస్తవాలు. ఏప్రిల్‌లో వర్క్ పర్మిట్ కార్డుకి అప్లై చేశాను. మేలో ఎమ్మెస్ అయింది. జూన్‌లో మనాసస్‌లో నీళ్ళు పరీక్షించే ల్యాబ్ వాళ్ళు ఉద్యోగం ఇచ్చారు. కార్డు మాత్రం రాలేదు. కార్డు లేకుండా ల్యాబ్ గుమ్మం తొక్కకూడదు. సెప్టెంబర్ 2న చేరాల్సింది. మేనేజర్ డయాన్ ఇవాళ ఫోన్ చేసి, "ఆ నెల 29 వరకు ఆగుతాం, దిగులు పడకు," అంది.

దిగులు పడటం లేదని చెప్పాను. పదకొండు సార్లే కదా చూశాను.

ఆగస్టు 15

మారలేదు.

ఆగస్టు 17, ఆదివారం

దేశం అటు చివర బాతెల్ నుంచి శ్రీహర్ష ఫోన్ చేశాడు. కాలేజీలో మా సీనియర్. ఇప్పుడు బయోటెక్ కంపెనీలో ఉన్నాడు కాబట్టి అందరికీ సీనియర్.

"మీ ఏరియా కాంగ్రెస్‌మన్ ఆఫీస్‌కి రాశావా?"

"నేనెందుకు రాయాలి? నాకు ఓటు లేదుగా."

"ఓటు అక్కర్లేదు తల్లీ. వాళ్ళ ఏరియాలో ఉంటే చాలు. నా కార్డు ఐదు నెలలు కదల్లేదు. మా కాంగ్రెస్‌మన్ ఆఫీస్ వాళ్ళు ఇమిగ్రేషన్‌ని ఒక్క మాట అడిగారు. తొమ్మిది రోజుల్లో నా మెయిల్‌బాక్స్‌లో ఉంది."

తొమ్మిది రోజులు.

పూజిత గోడ మీది క్యాలెండర్ తీసి నా ఒళ్ళో పడేసింది. "చూడు, కావల్సినన్ని తొమ్మిదులున్నయి," అంది.

ఆగస్టు 19

మర్ఫీ వంశ చరిత్ర, ప్రథమాశ్వాసం.

మన ఏరియా కాంగ్రెస్ సభ్యుడెవరా, అంటే ఇక్కడి ఎంపీ ఎవరా అని వెతికితే మర్ఫీ అని వచ్చింది. సంతోషించి కిటికీలోంచి చూస్తే ఎదురింటి పచ్చిక మీద మర్ఫీ బోర్డు. ఇంత దగ్గర్లో ఉన్నాడా అనుకున్నాను. చదివితే అది ఇంకో మర్ఫీ. లైబ్రరీకి వెళ్తే గోడ మీద ఫలకం: ఈ భవనాన్ని ప్రారంభించినది మర్ఫీ. అది మూడో మర్ఫీ.

టెరెన్స్ మర్ఫీ వాషింగ్టన్‌లో ఉంటాడు. వీసాలూ యుద్ధాలూ ఆయన పరిధి. నాకు కావలసింది ఈయనే కనుక పెద్ద మర్ఫీ అందాం. కోలీన్ మర్ఫీ రిచ్‌మండ్‌లో రాష్ట్ర శాసనసభ సభ్యురాలు. నవంబర్‌లో మళ్ళీ నిలబడుతోంది కాబట్టి ప్రస్తుతం ప్రతి స్తంభానికీ ఆవిడే. మర్ఫీ ఆవిడ అత్తింటి పేరు. ఇక చిన్న మర్ఫీ డెన్నిస్, కౌంటీ బోర్డు సూపర్‌వైజర్. లైబ్రరీలు, పార్కులు, ఎక్కడ ఎంత పార్కింగ్ ఉండాలి అన్నవి ఆయనవి. ముగ్గురికీ నీలం రంగే ఇష్టం. ముగ్గురూ మర్ఫీ అన్న ముక్క గజం ఎత్తున, మొదటి పేరు చీమ తలకాయంత వేయించుకుంటారు.

ఒకరికొకరు ఏమీ కారు. వెబ్‌సైట్‌లో మాత్రం పెద్దాయనా చిన్నాయనా తమ ముత్తాత ఐర్లండ్‌లో తిండి దొరక్క ఓడెక్కాడని రాసుకున్నారు. కోలీన్ గారు మొగుడి ముత్తాతని ఎక్కించింది. ఓడ దిగాక ఆ ముత్తాతల కేస్ స్టేటస్ ఎన్నాళ్ళు మారలేదో ఎవరూ రాయలేదు.

(మర్ఫీ అనగానే ఆ పేరిటి సూత్రం ఎత్తి అందరూ వేసే ఒక జోకు ఉంది. నేను వేయను. నాకూ పరువుంది.)

ఆగస్టు 24, ఆదివారం

వీరభద్రం అంకుల్ ఇంట్లో భోజనం. నాన్న కాలేజీ స్నేహితుడు. మేం గదులు మారుతూ ఉంటాం కాబట్టి నా ప్రభుత్వ కాగితాలన్నింటిలో ఆయన ఇంటి అడ్రసే. కార్డు వస్తే అక్కడికే రావాలి. కాబట్టి అది నాకు గుడి లాంటిది, వంకాయ కూర అదనం.

పెద్ద మర్ఫీ ఆఫీస్ వాళ్ళ ఫారం ప్రింట్ తీసుకుని వెళ్ళాను. 'నా తరఫున మీరు ఇమిగ్రేషన్ వాళ్ళని అడగవచ్చు, నాకు అభ్యంతరం లేదు' అని అందులో సంతకం చేయాలి. సిరాతోనే చేయాలి, కంప్యూటర్ సంతకం చెల్లదు. లక్ష్మి ఆంటీ పూజ గదిలోంచి పెన్ను తెచ్చి ఇచ్చింది. సంతకం చేశాను. కవర్లో పెట్టబోతుంటే అంకుల్ ఆపారు.

"పోస్ట్‌లోనా? ఎవడు తెరుస్తాడు, ఎవడు చూస్తాడు? వచ్చే ఆదివారం గుడి కొత్త హాల్ ఓపెనింగ్‌కి మర్ఫీ వస్తున్నాడు. నేనే శాలువా కప్పుతున్నాను. చేతిలో పెడతాను."

"ఏ మర్ఫీ అంకుల్?"

"మన మర్ఫీ."

"ముగ్గురున్నారు అంకుల్."

"ఉండనీ అమ్మా. ఇంటిపేరు ఒకటేగా! మా ఇంటిపేరు వాడు న్యూజెర్సీలో ఒకడున్నాడు. ముఖం చూసి ఎరగను. ఫ్లయిట్ క్యాన్సిల్ అయి ఫోన్ చేస్తే, అన్నయ్యా అంటూ వాన్ వేసుకుని ఎయిర్‌పోర్ట్‌కి వచ్చాడు. ఒకరికి చెబితే ఇంకొకరికి చెప్పినట్టే. పైగా ఆ పేరంటే నాకు గురి. మా తెనాలి ఇంట్లో మర్ఫీ రేడియో ఉండేది తెలుసా? నొక్కగానే పాడేది కాదు. వేడెక్కే దాకా ఆగాలి. ఆగావా, ఇక ఊరంతా వినపడేది."

"మొదలుపెట్టారు," అంది ఆంటీ అప్పడాలు వేయిస్తూ.

అంకుల్‌ని రెండేళ్ళ కిందట ఆఫీస్‌లో తీసేశారు. ఇరవై మూడేళ్ళ సర్వీసు. అప్పటినుంచి గుడి కమిటీలో ఉన్నారు. మెడలో కమిటీ బ్యాడ్జి భోజనం దగ్గర కూడా ఉంటుంది.

నేను నవ్వాను. ఫారం ఇచ్చేశాను.

డైనింగ్ టేబుల్ మీద మర్ఫీల ప్రచార కాగితాలు గుట్టగా ఉన్నాయి. ఆంటీ పారేయబోతే అడ్డుపడ్డాను. "వద్దు ఆంటీ! మర్ఫీ మ్యూజియం పెడుతున్నాను. ఇకనుంచి మర్ఫీ అని కనబడ్డ ప్రతి కాగితమూ నాదే." ఆంటీ ఎంతో సీరియస్‌గా ఇండియన్ స్టోర్ సంచి ఒకటి తెచ్చి గరాజ్ తలుపుకి తగిలించింది. మేం ముగ్గురం బాగా నవ్వుకున్నాం.

ఆగస్టు 31, ఆదివారం

వాట్సాప్‌లో ఫోటో. పట్టు శాలువా, పూలదండ, దండ వెనక తెల్లజుట్టు. పక్కన అంకుల్, పెళ్ళిలో ఆడపిల్ల తండ్రిలా వంగి. కింద సందేశం: 'మర్ఫీ గారి చేతిలో పెట్టాను. షూర్ అన్నారు. రిలాక్స్.'

రిలాక్స్ అయ్యాను. క్యాలెండర్ మీద సెప్టెంబర్ 9 చుట్టూ పూజిత గోరింటాకు రంగు పెన్నుతో సున్నా చుట్టింది.

సెప్టెంబర్ 9

మారలేదు.

సెప్టెంబర్ 10

లేబర్ డే సెలవు మధ్యలో వచ్చింది కదా. అది తీసేస్తే ఈరోజుకి తొమ్మిది.

మారలేదు.

సెప్టెంబర్ 12, శుక్రవారం

పెద్ద మర్ఫీ ఆఫీస్‌కి ఫోన్ చేశాను. ఎవరో కొత్తమ్మాయి. గొంతు నాకంటే భయంగా ఉంది. నా పేరు నాలుగుసార్లు అడిగింది. దేదీప్య అన్న పేరుని అమెరికా ఇంకా మింగలేకపోతోంది. అక్షరం అక్షరం చెప్పాను.

"మీ పేరు సిస్టంలో ఇంకా లేదు," అంది.

ఇంకా అంది. ఇంకా అంటే, కాగితం వచ్చింది, ఎక్కించాలి అని. ఎమ్మెస్ చేసిన మనిషిని, ఆ మాత్రం అర్థం చేసుకోగలను. చేతికిచ్చిన కాగితం కదా, ఆయన కోటు జేబులోంచి ఆఫీస్‌కి రావద్దూ? ఆ కోటు డ్రై క్లీనింగ్‌కి వెళ్ళి రావద్దూ?

అంకుల్‌కి చెబితే, "వేడెక్కుతోందమ్మా," అన్నారు.

సెప్టెంబర్ 20, శనివారం

మర్ఫీ సాక్షాత్కారం అయింది. నడిమి మర్ఫీ.

అంకుల్‌తో ఇండియన్ స్టోర్‌కి వెళ్ళాను. గుమ్మంలో కోలీన్ గారు నిలబడి వచ్చిన వాళ్ళందరికీ నమస్తే పెడుతోంది. నమస్తే బాగానే పెట్టింది కానీ చేతుల మధ్య కరపత్రాలుండటం వల్ల పుస్తకం మూసినట్టుంది. అంకుల్ నన్ను ముందుకి తోశారు. "చెప్పు, చెప్పు."

చెప్పాను. ఆవిడ నా చెయ్యి పట్టుకుని పూర్తిగా విన్నది. ఈ దేశంలో నా కేసు ఆమూలాగ్రం విన్న మొదటి ప్రజాప్రతినిధి. అంతా విని, "అయ్యో, అది వాషింగ్టన్ పని. నా చేతిలో ఏమీ లేదమ్మా," అంది.

"ఆల్రెడీ గేవ్ ఇట్ టు మిస్టర్ మర్ఫీ," అన్నారు అంకుల్ గర్వంగా.

"అయితే మంచిది," అని ఆవిడ నవ్వింది. "మా ముగ్గురికీ ఒకరి ఉత్తరాలు ఒకరికి వస్తూనే ఉంటాయి. ఎక్కడివక్కడికి పంపించేస్తుంటాం."

అంకుల్ నా వైపు తిరిగి, "చెప్పానా?" అన్నట్టు కనుబొమలెగరేశారు. ఆవిడ ఉత్తరాలు అంది, అంకుల్ బంధుత్వం విన్నారు. నేనేం విన్నానో రాయను. 'మీరు ఇచ్చింది ఏ మర్ఫీకి?' అని ఆ గుమ్మంలోనే అడిగి ఉండొచ్చు. వెనక మనిషి ట్రాలీతో తోస్తున్నాడు. కరివేపాకు అయిపోతుందని భయం. అడగలేదు.

సెప్టెంబర్ 24

డయాన్ ఫోన్. అక్టోబర్ 14. అదే ఆఖరు. ఆ తర్వాత వేరే వాళ్ళని తీసుకోక తప్పదట. తన గొంతు కూడా బాగోలేదు. ఆవిణ్ణి నేనే ఓదార్చాను. "పర్లేదు డయాన్, మా కాంగ్రెస్‌మన్ చూస్తున్నాడు," అన్నాను. 'మా' అన్నాను. ఎంత దర్జాగా వచ్చిందో నోట్లోంచి.

సెప్టెంబర్ 29

ఈరోజు చేరాల్సిన రోజు. ఇంటి కుళాయి నీళ్ళు గ్లాసులో పట్టి వెలుతురుకి పెట్టి చూశాను. బాగానే ఉన్నాయి. జీతం లేకుండా చేసిన మొదటి పరీక్ష.

అక్టోబర్ 1

ప్రభుత్వం మూతపడింది. బడ్జెట్ గొడవ, సగం ఆఫీసులకి తాళాలు. ఎదురింటాయన ప్రభుత్వోద్యోగి, పొద్దున్నే లాన్ కోస్తున్నాడు. నా కేసు ఎప్పుడూ తెరిచి ఉన్నట్టు లేదు కాబట్టి నాకు తేడా తెలియలేదు.

మారలేదు.

అక్టోబర్ 5

మారలేదు. గుడిలో అంకుల్ నలుగురికి పరిచయం చేశారు. "మన దేదీప్య. కార్డు డిలే అయితే మర్ఫీకి చెప్పాను." నలుగురూ నా వంక చూసి తలూపారు. నేను కూడా ఊపాను. ఐదు తలలు ఒకేసారి ఊగాయి.

అక్టోబర్ 9, గురువారం

ఈసారి ఫోన్ ఎత్తింది కొత్తమ్మాయి కాదు, ఇలాంటి కేసులే చూసే ఉద్యోగిని. పేరు మెరెడిత్. ఏళ్ళుగా ఇదే పని చేస్తున్నట్టుంది, నా పేరు ఒక్కసారికే పలికింది.

"మీ పేరు మీద మా దగ్గర ఏమీ లేదు. ఫారం ఎవరికిచ్చారు?"

"కాంగ్రెస్‌మన్‌కే. చేతికి."

"ఎప్పుడు?"

"ఆగస్టు 31. షాంటిలీలో, గుడిలో."

కీబోర్డు చప్పుడు. "ఆ వారమంతా ఆయన ఈ రాష్ట్రంలోనే లేరు," అంది చాలా మెల్లగా. మంచి డాక్టర్లు అలా చెబుతారు.

ఫోన్ పెట్టేసి అంకుల్ పంపిన ఫోటో తెరిచాను. రెండు వేళ్ళతో పెద్దది చేశాను. దండ, శాలువా, తెల్లజుట్టు. ఆ వెనక బ్యానర్. 'పార్కింగ్ పర్మిట్ ఇప్పించిన కౌంటీ సూపర్‌వైజర్ గారికి కృతజ్ఞతలతో.'

ఫోటో వచ్చి ముప్ఫై తొమ్మిది రోజులు. రెండు వేళ్ళ పని.

పూజిత భుజం మీదుగా చూసింది. తిడుతుందనుకున్నాను. టీ పెట్టింది. అది టీ పెట్టిందంటే పరిస్థితి నిజంగానే బాగోలేదన్నమాట.

అక్టోబర్ 11, శనివారం

ఆంటీ వాళ్ళింటికి వెళ్ళాను. అంకుల్ గుడిలో ఉన్నారు. ఆంటీ ఒక్కతే చిక్కుడుకాయలు ఒలుస్తోంది.

"ఆంటీ, నా పేరు మీద ఏమైనా ఉత్తరం వచ్చిందా? ఇమిగ్రేషన్‌ది కాదు. కౌంటీ నుంచి."

"నీ పేరు మీద వస్తే నీకు చెప్పనా అమ్మా? రోజూ చూస్తున్నాను. ఆ మర్ఫీ కాగితాలు తప్ప..."

ఇద్దరం గరాజ్ తలుపు వైపు చూశాం.

సంచి పొట్ట ఉబ్బి ఉంది. నేల మీద కుమ్మరించాం. అంతా నీలం. కోలీన్ మర్ఫీ పిల్లలతో, కోలీన్ మర్ఫీ కుక్కతో, పెద్ద మర్ఫీ పంపిన వార్తాపత్రం, మళ్ళీ కోలీన్. మధ్యలో ఒక నిజమైన కవరు. పైన ఎడమ మూల నీలం అక్షరాలతో 'మర్ఫీ', దాని కింద సూపర్‌వైజర్. మధ్యలో నా పేరు, స్పెల్లింగ్ ఒక్కటి కూడా తప్పు లేకుండా.

లోపల నా ఫారం, నా సంతకం. ఒక చీటీ, చేతిరాత: 'మీరు తప్పు మర్ఫీ దగ్గరికి వచ్చారు! ఇందులో మీ సొంత వివరాలున్నాయి కాబట్టి నేను ఎవరికీ పంపకుండా మీకే తిప్పి పంపుతున్నాను. కాంగ్రెస్‌మన్ ఆఫీస్ అడ్రస్ కింద రాశాను. వెంటనే ఇవ్వండి. మీకు శుభం జరగాలి. హాల్‌లో భోజనం అద్భుతం. డెన్నిస్.'

తేదీ సెప్టెంబర్ 4.

నాలుగు రోజుల్లో తిప్పి పంపాడు. ఇందులో ఎవరి మీద కోపం తెచ్చుకోవాలో వెతికాను. చాలాసేపు వెతికాను. సెప్టెంబర్ 6కల్లా ఈ ఇంటికి వచ్చి ఉంటుంది. దానికి తొమ్మిది కలిపితే 15. లేబర్ డే కూడా అడ్డం లేదు.

"నువ్వే అన్నావని... మర్ఫీ అని ఉన్నవన్నీ..." ఆంటీ మధ్యలోనే ఆపేసింది. చేతిలో చిక్కుడు గింజలు అలాగే ఉన్నాయి.

"అవును ఆంటీ. నేనే అన్నాను."

ఏదైనా జోక్ వేద్దామని నోరు తెరిచాను. రాలేదు. ఇరవై నాలుగేళ్ళలో మొదటిసారి.

గింజలు పక్కన పెట్టి ఆంటీ అంది: "అంకుల్‌కి చెప్పకు దేదీప్యా. నిన్ను అడక్కూడదు, నాకు తెలుసు. ఆఫీస్‌లో తీసేశాక ఆయన మాట మీద ఒక పని కూడా జరగలేదు. పొద్దున లేచి ఫస్ట్ అడిగేది ఇదే. 'దేదీప్యకి మర్ఫీ చేయించాడా?' అని. చేయించలేదు అంటే సరే. అసలు ఇవ్వాల్సిన వాడికే ఇవ్వలేదంటే..."

గరాజ్ తలుపు లేచింది. అంకుల్ కారు. మేమిద్దరం మోకాళ్ళ మీద కూర్చుని మర్ఫీలందరినీ సంచిలో కుక్కేశాం. డెన్నిస్ గారి కవరు నా బ్యాగ్‌లోకి వెళ్ళింది.

"ఏంటి, మ్యూజియం సర్దుతున్నారా?" అన్నారు అంకుల్ నవ్వుతూ. మెడలో బ్యాడ్జి.

"అవునంకుల్."

"మర్ఫీ నుంచి ఏమైనా?"

"చేతిలోనే ఉందట అంకుల్," అన్నాను. చేతిలోనే ఉంది. నా చేతిలో.

అక్టోబర్ 13, సోమవారం

ఫెడరల్ సెలవు. కొలంబస్ దారి తప్పి వచ్చి ఇంకెక్కడో దిగానని అనుకున్న రోజు. ఆ రోజున ఆఫీసులు మూసేస్తారు.

అక్టోబర్ 14, మంగళవారం

పూజిత డ్రైవ్ చేసింది. పెద్ద మర్ఫీ ఆఫీస్ దంత వైద్యుడికీ ఇన్సూరెన్స్ వాళ్ళకీ మధ్య ఉంది. సగం లైట్లు ఆర్పి ఉన్నాయి. పెద్ద మర్ఫీ గోడ మీద ఫ్రేములో నవ్వుతున్నాడు. ఆయన్ని అంతకంటే దగ్గరగా నేను చూడబోయేది లేదు.

మెరెడిత్ ఫారం తీసుకుంది. దాని మీది పాత తేదీ చూసింది, నన్ను చూసింది, స్కానర్‌లో పెట్టింది. "ఇవాళే పంపుతాను. కానీ అటు వైపు ఎప్పుడు జవాబిస్తారో నా చేతిలో లేదు," అంది. ఈ దేశంలో అందరి చేతులూ చూశాను. అన్నీ శుభ్రంగా ఉన్నాయి. అన్నీ ఖాళీగానే ఉన్నాయి.

పార్కింగ్‌లో ఉండగానే డయాన్ ఫోన్ చేసింది. ఆవిడ ఏం చెప్పిందో రాయక్కర్లేదు. "మళ్ళీ ఎప్పుడైనా ఖాళీ వస్తే నీకే ముందు," అంది. థాంక్స్ చెప్పాను. రెండుసార్లు చెప్పాను.

పూజిత కారు స్టార్ట్ చేయలేదు. "ఏడ్వరాదే, ఎవ్వరు లేరు," అంది.

"ఉన్నాడుగా." ఎదురుగా పచ్చిక మీద బోర్డు. మర్ఫీ, గజం ఎత్తున.

అది పగలబడి నవ్వింది. నేను కూడా నవ్వాననుకుంటాను. ముఖం తడిసింది మరి.

అక్టోబర్ 23

మెరెడిత్ పంపి తొమ్మిది రోజులు. మారలేదు.

అక్టోబర్ 24

అంటే సెప్టెంబర్‌లో ఇచ్చినా ఇంతే. అప్పుడిచ్చినా తొమ్మిది రోజుల్లో వచ్చేది కాదు. శ్రీహర్షది అదృష్టం. కాబట్టి అంకుల్ తప్పు లేదు, ఆంటీ తప్పు లేదు, సంచి తప్పు అసలే లేదు. మూడు లైన్లలో నిరూపించాను. థీసిస్ కూడా ఇంత శుభ్రంగా రాలేదు.

అక్టోబర్ 26

అప్పుడు ప్రభుత్వం తెరిచే ఉంది. ఈ విషయం పై నిరూపణలో కలపలేదు. కలపను.

నవంబర్ 4, మంగళవారం

ఎన్నికలు. అంకుల్ పొద్దున్నే ఫోన్ చేసి రమ్మన్నారు. "ఓటేయడానికి వెళ్తున్నాను. నువ్వు పక్కనుంటే బావుంటుంది." ఇస్త్రీ చొక్కా, కోటు. బ్యాడ్జి తీసేశారు, లోపలికి అలాంటివి వేసుకెళ్ళకూడదేమోనని అనుమానమట.

ఎలిమెంటరీ స్కూల్లో పోలింగ్. నేను కార్లోనే కూర్చున్నాను. ఒకామె కిటికీ దగ్గరికి వచ్చి నమూనా బ్యాలెట్ ఇవ్వబోయింది. నాకు ఓటు లేదని చెప్పాను. "పర్లేదు, ఉంచుకోండి," అంది. అందులో గవర్నరు ఉన్నారు, ఆ కింది పదవుల వాళ్ళు ఉన్నారు. మర్ఫీ మాత్రం ఒక్కరే. కోలీన్. పెద్ద మర్ఫీ ఎన్నిక వచ్చే ఏడాది. చిన్న మర్ఫీది ఆ పై ఏడాది.

పావుగంటకి అంకుల్ వచ్చారు. నడకలోనే తెలుస్తోంది.

"వేశాను. మర్ఫీకే. మన పని చూస్తున్న మనిషికి మనం కూడా చేయాలి కదా?"

గుడిలో శాలువా కప్పించుకున్నది డెన్నిస్. నా ఫారం ఇప్పుడున్నది టెరెన్స్ దగ్గర. ఓటు పడింది కోలీన్‌కి. ఈ మూడు వాక్యాలు నాలుక చివర వరసగా నిలబడ్డాయి.

"చాలా థాంక్స్ అంకుల్," అన్నాను.

ఆయన కోటు మీంచి 'నేను ఓటేశాను' స్టిక్కర్ జాగ్రత్తగా ఊడదీసి, నా జాకెట్‌కి అంటించి, వేలితో చుట్టూ నొక్కారు. "ఇది నీది. నీ కోసమే వేశాను."

నాలాంటి వాళ్ళు ఈ దేశంలో ఓటేస్తే నేరం. స్కూలు ముందు, పట్టపగలు, పోలీసు కారుకి పది గజాల దూరంలో, ఆ సాక్ష్యం గుండె మీద పెట్టుకుని కూర్చున్నాను. తీసేయలేదు. ఆయన చూస్తున్నారు.

"స్టేటస్ చూడమ్మా ఒకసారి. ఈపాటికి మారి ఉంటుంది."

ఫోన్ తీశాను. నంబర్ కొట్టాను. పేజీ వచ్చింది. ఏప్రిల్ నుంచి ఉన్న అదే వాక్యం, అదే ఫుల్‌స్టాప్.

"ఏమంది?"

"కొంచెం కదిలినట్టుంది అంకుల్."

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకుని, పెట్టుకుని, కారు స్టార్ట్ చేశారు. హీటర్ ఆన్ చేశారు, చల్లగాలే వచ్చింది.

"వేడెక్కనీ," అన్నారు. "వేడెక్కే దాకా ఆగాలి."

చేతులు రెండూ హీటర్ ముందు పెట్టుకుని ఆగాను. అంకుల్ ఇల్లు ఐదు నిమిషాల దూరం. గాలి వేడెక్కే లోపే వచ్చేసింది.